కారెంపూడి యుద్ధానికి కంప్యూటర్ లెక్క

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు కబురు చేశారు. కష్టపడి చదవండి, క్రమశిక్షణతో మెలగండి అని రాయడానికి ప్రతి ఏడూ నలుగురైదుగురు పెద్దలు ఎలాగూ ఉంటారు కాబట్టి మేము ఆ జోలికి పోవటం లేదు. మేము ఒక ఆట గురించి, ఆ ఆటలో యుద్ధాన్ని కంప్యూటర్ గళ్ళలో ఎలా లెక్క కట్టామన్న దాని గురించి రాస్తున్నాము. మేము అంటే 2018లో పదో తరగతి పూర్తిచేసుకుని ఈ హాస్టల్ వదిలి వెళ్ళిన బ్యాచ్.

ముందు ఆట సంగతి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను అచ్చువేశారు. చదరంగంలా దీనికి పావులు, గళ్ళు తప్పనిసరి కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని "నేను ఏరు దాటతాను", "నేను చెట్టు చాటున దాక్కుంటాను" అని చెబుతారు. కథ యుద్ధం దాకా వచ్చిందంటే పాచికలు బయటికి వస్తాయి, లెక్క మొదలవుతుంది. ప్రతి పాత్రకూ కొంత ప్రాణం, కొంత కవచం అంకెల్లో ఉంటాయి. ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన దానికి తన నేర్పు కలిపితే ఎదుటివాడి కవచమంత గానీ అంతకు మించి గానీ రావాలి. వస్తే దెబ్బ తగిలినట్టు. అప్పుడు వేరే పాచిక వేసి ఎంత దెబ్బో చూసి, అంత ప్రాణం తీసివేయాలి. ఇలా యుద్ధాన్ని పాచికలతో, లెక్కలతో ఆడటం అంతకు ముందూ ఉంది. ప్రష్యా సైన్యంలో అధికారులు 1824 నాటికే అచ్చు పుస్తకం పెట్టుకుని ఆడేవారు. నష్టాల లెక్క చూడటానికి ఒక మధ్యవర్తి ఉండేవాడు.

ఇది మన హాస్టల్‌కు వచ్చింది 2016లో. ఇక్కడే చదివి ఇంజనీరింగుకు వెళ్ళిన ఒక అన్న, ఆ కంపెనీవాళ్ళు 2014లో ఉచితంగా ఇచ్చిన ప్రాథమిక నియమాల జిరాక్సు కాగితాలు సంచిలో పెట్టుకుని సెలవులకు వచ్చాడు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. మాకు సగం అర్థం కాలేదు. అన్న చెప్పిందే నియమం. ఇరవై ముఖాల పాచిక చీరాల మొత్తం వెతికినా దొరకలేదు. అయితే అష్టాచెమ్మా ఆడేవాళ్ళకు పాచికల కరువు ఉంటుందా? ఇరవై చింతపిక్కలు తెచ్చి, ఒక వైపు సిమెంటు గచ్చు మీద తెల్లగా తేలేదాకా అరగదీసి, బాల్ పెన్నుతో 1 నుంచి 20 దాకా అంకెలు వేశాము. స్టీలు గ్లాసులో వేసి ఊపి, కళ్ళు మూసుకుని ఒకటి తీయటమే. తీసినది చూసుకుని మళ్ళీ గ్లాసులో వేసేయాలి. వేయకపోతే తర్వాతివాడి అవకాశం మారిపోతుంది. గవ్వలు పనికిరావా అని కొందరు అడిగారు. నాలుగు గవ్వల్లో రెండు వెల్లకిలా పడటం మాటిమాటికీ వస్తుంది, నాలుగూ పడటం అరుదు. మాకు కావలసింది ఇరవైలో ఏదైనా ఒకే తీరుగా వచ్చే పాచిక. దెబ్బ లెక్కకు మాత్రం లూడో పాచిక సరిపోయింది.

యుద్ధభూమికి గళ్ళ కాగితం మగ్గాల ఇంటి నుంచి వచ్చింది. ఈపురుపాలెంలో మగ్గం చప్పుడు వినకుండా పెరిగినవాడు లేడు. జకార్డు మగ్గం మీద బుటా రావాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపుకుంటారు. వాడి పారేసిన ఆ కాగితాల వెనక వైపు మా రణరంగం. ఒక గడి 5 అడుగులు, ఒక వంతులో మనిషి 6 గళ్ళు నడవవచ్చు. ఇది పుస్తకంలోని లెక్కే.

ఇక కథ. పుస్తకంలో గాబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు, గుహలు ఉన్నాయి. రెండు ఆదివారాలు వాటితో ఆడాక మాకు విసుగుపుట్టింది. పల్నాటి యుద్ధం పెడదామని ఎవడో అన్నాడు. బుర్రకథల్లో విన్న కథ, 1966లో ఎన్.టి.రామారావు బ్రహ్మనాయుడిగా వేసిన సినిమాలో చూసిన కథ. 12వ శతాబ్దంలో మాచెర్ల, గురజాల రాజ్యాల మధ్య జరిగిన దాయాదుల పోరు. కోడిపందెంలో ఓడి మలిదేవరాజుల పక్షం ఏడేళ్ళు వలస పోవటం, రాయబారం వెళ్ళిన అలరాజు విషానికి బలి కావటం, చివరికి నాగులేటి ఒడ్డున కారెంపూడిలో అందరూ కూలిపోవటం. కారెంపూడి వీరుల గుడి దగ్గర ఇప్పటికీ కార్తీకమాసంలో ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులకూ పేర్లున్నాయి. మా ఆటకు అయిదు అధ్యాయాలు ఎవరూ రాయకుండానే దొరికాయి!

మొదట్లో లెక్కంతా పలక మీదే. నలుగురు వీరులు, పదిమంది సైనికులు అంటే పద్నాలుగు పేర్లు, పద్నాలుగు ప్రాణాలు. ఒక్కొక్కరి వంతు ఎప్పుడో గుర్తుంచుకోవాలి, దెబ్బ తగిలితే పాత అంకె చెరిపి కొత్తది రాయాలి. అందరి వంతులూ ఒకసారి తిరిగి రావటానికి నలభై నిమిషాలు పట్టేది. అంతకంటే పెద్ద తగువు ఇంకొకటి. శత్రువుల ప్రాణం ఎంతో ఆట నడిపేవాడు అట్ట చాటున దాచుకోవటం ఆ ఆటలో అలవాటు. మా దగ్గర ఆ అట్ట ఎక్కువ రోజులు నిలబడలేదు. "మీ ఊరివాడు కొడితే పడిపోతాడు, మేము కొడితే పడడా?" అని కేకలు. పలక లాక్కున్నారు, అరచెయ్యి పెట్టి తుడిచేశారు. ఒక ఆదివారం ఆట మధ్యలో ఆగిపోయి, ఇద్దరు మిత్రులు పది రోజులు మాట్లాడుకోలేదు. ఆటే కదా అని పెద్దలు నవ్వవచ్చు. హాస్టల్‌లో పది రోజులు పక్క పరుపువాడితో మాట లేకపోతే ఎలా ఉంటుందో హాస్టల్‌లో ఉన్నవాళ్ళకే తెలుసు.

ఆ ఏడాదే ఒక దాత ఇచ్చిన పాత కంప్యూటర్ మన స్టడీ హాలుకు వచ్చింది. అందులో లిబ్రే ఆఫీస్ ఉంది, దానిలో క్యాల్క్ ఉంది. ఎక్సెల్ లాంటిదే, కానీ ఉచితం. అసలు ఈ స్ప్రెడ్‌షీట్ ఎలా పుట్టిందో తర్వాత చదివితే మాకు మా పలకే గుర్తుకొచ్చింది. డాన్ బ్రిక్లిన్ అనే ఆయన హార్వర్డ్‌లో బిజినెస్ చదువుతున్నప్పుడు, బోర్డు మీద లెక్కల పట్టికలో ఒక్క అంకె మార్చితే దాని వెంట ఉన్నవన్నీ చెరిపి మళ్ళీ రాయవలసి రావటం చూసి, ఒకటి మార్చితే మిగిలినవి వాటంతట అవే మారే బోర్డు ఉంటే బాగుండునని ఊహించాడట. ఆయన, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి చేసిన విసిక్యాల్క్ 1979లో బయటికి వచ్చింది. మాకు కావలసిందీ అదే.

మా షీటు చాలా మామూలుది. ఎడమ నుంచి పేరు, వంతు, కవచం, మొదటి ప్రాణం. ఆ తర్వాత పది గళ్ళు ఖాళీగా, ఒక్కో వరసలో తగిలిన దెబ్బ రాయటానికి. చివర 'మిగిలింది' అనే గడి. మొదటి ప్రాణంలోంచి ఆ పది గళ్ళ మొత్తం తీసివేయమని అక్కడ సూత్రం. సమ్ అనే ఒక్క మాట తెలిస్తే చాలు. దాని పక్కన ఇఫ్ పెట్టి, సున్నాకు దిగితే 'పడ్డాడు' అని రాయమన్నాము. సగానికి వస్తే పసుపు, పడిపోతే ఎరుపు రంగు. దెబ్బల్ని చెరపకుండా ఒక్కోదానికి ఒక్కో గడి ఇవ్వటం ఇందులో కీలకం. పలక మీద చివరి అంకె ఒక్కటే కనబడేది, అది ఎలా వచ్చిందో కనబడేది కాదు. షీటులో మూడో వరసలో ఆరు, అయిదో వరసలో నాలుగు అని చరిత్ర అంతా ఉంటుంది. "నాకు ఈ ఆరు ఎవడు కొట్టాడు?" అని అడిగితే వెనక్కి వెళ్ళి చూపించవచ్చు.

వంతుల వరస పెట్టటానికి సార్ట్ ఉంది. అయితే ఒక జాగ్రత్త. వంతుల గళ్ళు మాత్రమే ఎంచి సార్ట్ కొడితే అంకెలు కదులుతాయి, పేర్లు కదలవు. ఒకడి వంతు ఇంకొకడికి పోతుంది. అలా చేసేటప్పుడు పక్క గళ్ళను కూడా కలపమంటావా అని క్యాల్క్ అడుగుతుంది, కలపమనాలి. ఇంకొకటి, ప్రతి వరస అయిన వెంటనే కంట్రోల్, ఎస్ నొక్కాలి. మన కరెంటు సంగతి మీకు చెప్పనక్కరలేదు.

పాచిక కూడా కంప్యూటరే వేస్తే చింతపిక్కలెందుకు అని మాలో తెలివైనవాడొకడు అన్నాడు. ర్యాండ్‌బిట్వీన్ అని ఒక సూత్రం ఉంది, ఒకటి నుంచి ఇరవై దాకా ఏదో ఒక అంకె ఇస్తుంది. బాగానే ఉంది. కానీ షీటులో ఏ గడిలో ఏది రాసినా ఆ సూత్రం మళ్ళీ కొత్త అంకె ఇస్తుంది. 18 పడింది, దెబ్బ తగిలింది, సైనికుడు పడ్డాడు అని సంబరపడి పక్క గడిలో ఏదో రాస్తే ఆ 18 కాస్తా 3 అయి కూర్చునేది. చచ్చినవాడు లేచి నిలబడేవాడు! ఇది యంత్రం లోపం కాదు, ఆ సూత్రం స్వభావమే అంత. వచ్చిన అంకెను కాపీ చేసి విలువగా మాత్రమే అతికించే పద్ధతి ఉంది గానీ, ప్రతి దెబ్బకూ ఆ పని ఎవడు చేస్తాడు? పైగా చెయ్యి గ్లాసులో పెట్టి పిక్క తీసేటప్పుడు బల్ల చుట్టూ ఒక నిశ్శబ్దం ఉంటుంది. అది మీట నొక్కితే రాదు. కాబట్టి పాచిక మనిషిది, తీసివేత యంత్రానిది అని తీర్మానం చేసుకున్నాము. ఇప్పటికీ మా అభిప్రాయం అదే.

అసలు గొడవ మొదటి ప్రాణం గడి దగ్గర వచ్చింది.

కారెంపూడి యుద్ధానికి వీరుల అంకెలన్నీ అన్నే నింపి ఇచ్చాడు. బ్రహ్మనాయుడు 45, బాలచంద్రుడు 40, కన్నమదాసు 18. తెర మీద ఆ వరస చూసి ఎనిమిదో తరగతి తమ్ముడొకడు లేచాడు. "అన్నా, కన్నమదాసుకు పద్దెనిమిదేంటి?" అన్నాడు. గది మొత్తం నిశ్శబ్దం. మాల కన్నమదాసు ఎవరో ఈ హాస్టల్ పిల్లలకు చెప్పాలా? బ్రహ్మనాయుడు కొడుకుగా చేసుకున్నవాడు, సేనాని. అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు కథ వినేటప్పుడు మాకు ముందు గుర్తొచ్చే పేరు. అన్న కాసేపు తడబడి, "నేనేమీ అనుకోలేదురా. కథలో ఆయన ఎప్పుడూ నాయుడి పక్కనే నిలబడి ఉంటాడు కదా, అంగరక్షకుడనుకుని వేశా" అన్నాడు. అన్న మాటలో దురుద్దేశం లేదు. లేకపోబట్టే అది మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. ఏమీ అనుకోకుండా వేసినా ఆ అంకె కిందికే పోయింది. ఇక షీటు ఎంత న్యాయంగా తీసివేసినా, పద్దెనిమిది మీద మొదలైనవాడు నలభై మీద మొదలైనవాడి కంటే ముందే పడిపోతాడు. సూత్రం తప్పు చెయ్యదు, ఎరుపు రంగు అబద్ధం చెప్పదు, అయినా కన్నమదాసు రెండో వరసకే నేల మీద ఉంటాడు.

ఆ పూట ఆట ఆడలేదు. రాత్రి భోజనాల దాకా చర్చ జరిగింది. కన్నమదాసుకు కూడా 40 వేసేస్తే పోలేదా అని కొందరన్నారు. అలా వేస్తే అది మనం అరిచి సాధించుకున్న అంకె అవుతుంది, రేపు ఇంకొకడు ఇంకా గట్టిగా అరుస్తాడు అని ఇంకొందరు. చివరికి 'మొదటి ప్రాణం' పక్కన కొత్తగా ఒక నిలువు వరస చేర్చాము. దాని పేరు 'ఎందుకు'. ఏ అంకె వేసినా దాని కారణం ఆ గడిలో రాయాలి, కారణం లేని అంకె చెల్లదు. సేనానికి ఇంత, సైనికుడికి ఇంత, ఇంతకు ముందు పోరాటం చూసినవాడికి అదనంగా ఇంత, అందరికీ ఒకటే కొలత. ఆ కొలత ప్రకారం కన్నమదాసుకు 44 వచ్చింది. తొలి పోరుకు దిగిన కుర్రవాడు కాబట్టి బాలచంద్రుడికి 36. బాలచంద్రుడి అభిమానులు అలిగారు, కానీ గడిలో కారణం ఉంది, ఏం చేస్తారు! నాగమ్మకు అయిదు చాలన్నవాడిని కూడా 'ఎందుకు' గడి నింపమన్నాము. నింపలేకపోయాడు. ఆమె కత్తి పట్టకపోయినా, ఎదుటి పక్షం వంతుల్ని ముందు వెనకలు చేసే మంత్రాంగం ఆమెకు ఇచ్చాము.

ప్రాణం ఎక్కువైనంత మాత్రాన గెలుపు కాదని కూడా షీటే నేర్పింది. పుస్తకంలో గాబ్లిన్ అంకెలనే మా సైనికులకు వాడుకున్నాము. ప్రాణం 7, కవచం 15, నేర్పు 4, దెబ్బ అంటే లూడో పాచికకు 2 కలపాలి. వీరుడి కవచం కూడా 15 అయితే సైనికుడికి 11 గానీ ఆపైన గానీ పిక్క రావాలి. అంటే ఇరవైలో పది, సగానికి సగం. లూడో పాచిక సగటు మూడున్నర, రెండు కలిపితే అయిదున్నర, అందులో సగం 2.75. ఒక్క సైనికుడు వంతుకు సగటున అంతే తీస్తాడు, చీమ కుట్టినట్టు. కానీ ఎనిమిదిమంది చుట్టుముడితే వరసకు 22. నలభై ప్రాణం ఉన్న వీరుడు రెండు మూడు వరసల్లో కూలిపోతాడు. పద్మవ్యూహంలో అభిమన్యుడి సంగతి ఇప్పుడు అర్థమైందిరా అన్నాడొకడు. దీనికి విరుగుడు ఏమిటి? పక్కన తోడు ఉంటే రెండు పిక్కలు తీసి పెద్దది ఎంచుకోవచ్చని మేము నియమం పెట్టుకున్నాము. అప్పుడు సగం అవకాశం కాస్తా నూటికి 75 అవుతుంది. రెండూ తప్పే అవకాశం సగంలో సగమే కదా. ఇప్పుడు పీజీలో సంభావ్యత పాఠం వస్తే మాకు పుస్తకంలోని నాణేల కంటే ముందు స్టీలు గ్లాసు చప్పుడు వినబడుతుంది.

అట్ట చాటు పద్ధతి తీసేసి, శత్రువుల ప్రాణంతో సహా మానిటర్ అందరివైపు తిప్పిపెట్టాము. దీనివల్ల ఉత్కంఠ పోతుందని అన్న వాదించాడు. కొంత పోయిన మాట నిజమే. పెద్ద ఊళ్ళలో ఆడేవాళ్ళు దాచుకునే ఆడతారు, వాళ్ళకు అది సరదా. మా ఇళ్ళల్లో లెక్క అనేది ఎప్పుడూ ఎవరో ఒకరి పుస్తకంలో, మనకు కనబడకుండానే ఉండేది. మేస్త్రీ పుస్తకం, షావుకారు పుస్తకం. దాచిన లెక్క మాకు సరదాగా అనిపించలేదు.

ఒక మిత్రుడి తల్లి జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళేది. కూలి కిలోల లెక్కన. ఆమెకు చదువు రాదు, రోజూ ఒలిచిన కిలోలకు క్యాలెండరు మీద గీతలు పెట్టుకునేది. వాడు రెండో శనివారం ఇంటికి వెళ్ళి ఆ గీతలు నోటుబుక్కులో ఎక్కించుకు వచ్చి, సైనికుల పేర్లున్న చోట తేదీలు, దెబ్బలున్న చోట కిలోలు పెట్టి మా షీటులోనే మొత్తం కట్టాడు. యజమాని ఇచ్చిన డబ్బుకు, ఈ మొత్తానికి 11 కిలోలు తేడా వచ్చింది. తేదీలవారీగా కాగితం మీద రాసిచ్చాడు. ఆమె పట్టుకెళితే యజమాని ముందు కసురుకున్నాడు, తర్వాత పుస్తకం తీసి చూశాడు. రెండు రోజులది అసలు ఎక్కించనే లేదు. డబ్బు ఇచ్చాడు. ఆ తర్వాత ఆమె ఎదుటే రాయటం మొదలుపెట్టాడు. 11 కిలోల కూలి పెద్ద మొత్తమేమీ కాదు. కానీ వాడు ఆదివారం వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు, కారెంపూడి యుద్ధం ఆగిపోయి అరగంట దాకా మొదలు కాలేదు.

షీటు వల్ల పోయినది కూడా చెప్పాలి. పద్నాలుగుమంది వంతులు పదిహేను నిమిషాల్లో అయిపోతుంటే ఆట కాస్తా గుమాస్తా ఉద్యోగంలా తయారైంది. పిక్క, అంకె, గడి, ఎరుపు, తర్వాతివాడు. పలక రోజుల్లో ఒక్క దెబ్బకు ఎంత వర్ణన చేసేవాళ్ళం! అందుకని ఒక నియమం చేర్చాము. గడి ఎర్రబడగానే తర్వాతి వంతు రాదు. కొట్టినవాడు, పడ్డవాడు ఇద్దరూ అది ఎలా జరిగిందో నోటితో చెప్పాలి, అప్పుడే ముందుకు. బాలచంద్రుడు పడిన రోజున ఆ పాత్ర పట్టినవాడు పావుగంట చెప్పాడు. వంటమనిషి అక్క గరిటె పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి విన్నది. ఆ రోజు పప్పు కొంచెం మాడింది, ఎవరూ ఏమీ అనలేదు.

తమ్ముళ్ళూ, ఆ ఫైలు ఇప్పటికీ స్టడీ హాలు కంప్యూటర్‌లో ఉంది, పేరు 'కారెంపూడి 3'. పైన హాస్టల్ పేరు కింద ప్రకాశం జిల్లా అని ఉంటుంది. 2022లో మనం బాపట్ల జిల్లాకు వచ్చాము కాబట్టి కావాలంటే మార్చుకోండి. 'ఎందుకు' గడులు మాత్రం ఖాళీ చేయకండి. మీకు కథ నచ్చకపోతే కొత్తది పెట్టుకోండి, చీరాల పేరాల ఉద్యమం పెట్టినా బాగుంటుంది, కాకపోతే అందులో కత్తులు ఉండవు, ప్రాణం బదులు ఇంకేదైనా లెక్కించాలి. పుస్తకం నియమాల కోసం జిరాక్సులు వెతకక్కరలేదు. 2023 జనవరి నుంచి ఆ ఆట మూల నియమావళిని, ఎవరి నుంచి తీసుకున్నామో పేరు రాస్తే చాలు, ఎవరైనా వాడుకునేట్టు, తెలుగులోకి మార్చుకునేట్టు విడుదల చేశారు. మీలో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు ఆ పని చేస్తే మేము చదివి సరిచూస్తాము.

మొన్న వచ్చినప్పుడు బీరువాలో స్టీలు గ్లాసు చూశాము. పిక్కలు పదిహేడే ఉన్నాయి. 4, 11, 19 కనబడలేదు. ఆ మూడూ అరగదీసి రాసి పెట్టుకోనిదే ఆట మొదలుపెట్టకండి, సగానికి సగం అని పైన చెప్పిన లెక్క పదిహేడు పిక్కలతో కుదరదు.